తాడులో మొదటి పది మీటర్లు

పోయినవాటితో మొదలుపెడతాను. ఒకే నైలాన్ తాడుతో పద్నాలుగేళ్లు బోరుబావుల్లో నీటిమట్టం కొలిచాను. ఆ పద్నాలుగేళ్లలో బోర్లలో పడి మళ్లీ పైకి రానివి ఇవి: ఇనుప గుండ్లు పదకొండు. పెన్నులు నాలుగు, నాలుగో దానికి మూత నా దగ్గరే మిగిలింది. చిన్న టార్చిలైటు ఒకటి. వంగినప్పుడు జేబులోంచి జారిన కళ్లద్దాలు ఒక జత. మొబైలు ఒకటి. అది పడ్డాక కూడా లోపలినుంచి రెండుసార్లు మోగింది. ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు.

ఇవన్నీ నా రిజిస్టరు చివరి పేజీలో తేదీతో, బోరు నంబరుతో సహా రాసి ఉన్నాయి. పోయినదాన్ని రాసుకుంటే ఏమొస్తుందని ఆఫీసులో నవ్వేవాళ్లు. ఏమొచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా ఫీల్డు పనిలోకి దిగుతున్న పిల్లలు చదివితే నాకు సంతోషం.

నేను పదో తరగతి లెక్కల్లో తప్పినవాణ్ణి. ఆ తర్వాత కదిరిలో ఒక ఎరువుల దుకాణంలో గోతాలు ఎంచే పనిలో చేరాను. సగటు అంటే ఏమిటో, శాతం ఎందుకు పనికొస్తుందో ఆ గోతాల మధ్య నాకు నేనే నేర్చుకున్నాను. తర్వాత నీటి పనులు చేసే ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను కొలతల మనిషిగా తీసుకుంది. కదిరికీ గోరంట్లకూ మధ్య పదహారు ఊళ్లు నా కింద ఉండేవి. మోపెడ్ మీద తిరగడం, కొలవడం, రాయడం. బడిలో తప్పినవాడికి లెక్కే అన్నం పెట్టింది కాబట్టి, నా అంకె తప్పంటే నాకు ఎక్కడలేని రోషం వచ్చేది. ఇది ముందే చెప్పడం మంచిది.

కొలవడం సులువే. తాడు కొసకు గుండు కట్టి, బోరు మూత పక్కనున్న సందులోంచి లోపలికి వదలాలి. గుండు అడుగు గుంటగా ఉంటుంది కాబట్టి నీటికి తగలగానే గుబుక్కుమంటుంది. ఆ చప్పుడు దగ్గర ఆపి, తాడు మీది ముడులు చూస్తే నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో తెలిసిపోతుంది. చిక్కల్లా ఒకటే. లోపల మోటారు పైపూ కరెంటు వైరూ ఉంటాయి. గుండు వాటిలో ఇరుక్కుంటే లాగాలి, లాగితే తాడు కొస తెగుతుంది. గుండు పోతుంది. పీలికలైన కొసను కోసేసి, సంచిలోంచి ఇంకో గుండు తీసి కట్టుకుని, పక్క బోరుకు పోవడమే.

ఆ తాడు నా చేతులతో తయారు చేసుకున్నదే. నూరు మీటర్లు. మీటరుకో ముడి, పది మీటర్లకో ఎర్ర దారం. కింద గుండు నుంచి మొదటి ఎర్ర దారం వరకు మాత్రం ముడులు వెయ్యలేదు. పది మీటర్ల లోపు నీళ్లు తగలడం మా ప్రాంతంలో నేను చూసి ఎరగను. రాని నీళ్లకు ముడులెందుకు? తొమ్మిది ముడులు ఆదా చేశానని అప్పుడు మురిసిపోయాను కూడా.

పదహారు ఊళ్లలో ఒక ఊరికి సొంత కట్టుబాటు ఒకటి ఉండేది. ఒక వేసవిలో ఆ ఊరికి తాగే నీళ్లు కూడా ట్యాంకరులో రావాల్సి వచ్చింది. ఆ బాధ తర్వాత రైతులందరూ కూర్చుని ఒక గీత గీసుకున్నారు. హైస్కూలు పక్కన ఊరందరూ తాగే బోరు ఉంది. కార్తీకంలో దాన్ని కొలవాలి. నీళ్లు నలభై ఎనిమిది మీటర్ల లోపు ఉంటే, బోర్లున్న పందొమ్మిది మందీ తలా ఒక ఎకరా రెండో పంటగా వేరుశెనగ వేసుకోవచ్చు. నలభై ఎనిమిది దాటితే ఎవ్వరూ గింజ వెయ్యకూడదు. ఏ పోలీసూ లేడు, ఏ కాగితమూ లేదు. అయినా అందరూ మాట మీద నిలబడేవాళ్లు. ఆ అంకె చెప్పేది నేను.

నేను చెప్పబోయే కార్తీకానికి ముందటి ఏడు నా తాడు నలభై ఎనిమిది పాయింట్ తొమ్మిది చూపించింది. అందరూ విత్తనం వేసే గొర్రులు మూలన పెట్టేశారు. కొందరు కూలికి బెంగళూరు బస్సెక్కారు.

మరుసటి ఏడు వానాకాలంలో మా సంస్థ ఒక కొత్త పని తెచ్చింది. ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు వాన కొలవడం, బోర్లు కొలవడం నేర్పాలి. ఊరి నీళ్ల లెక్క ఊరి పిల్లలే చూసుకోవాలన్నది ఉద్దేశం. ముప్పై నలుగురు పిల్లలు. నేర్పాల్సింది నేను. మా కోఆర్డినేటరు నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, ల్యాప్‌టాప్ లేకుండా టీ కూడా తాగడు. అతను చెప్పినప్పుడు నేను ఒప్పుకోలేదు.

"పిల్లోళ్లకు గుండ్లిస్తే నెలలో పదకొండు పోగొడతారప్పా. నాకు పద్నాలుగేళ్లు పట్టింది."

"పోతే పోనీలే అన్నా. మనం కొనిస్తాం."

పోయి మొదలుపెట్టాను. మొదటి నెలంతా తమాషాయే. బడి మిద్దె మీద వానమాపకం పెట్టి, రోజూ ఎనిమిదిన్నరకు చూసి రాయమన్నాను. వరసగా ఇరవై మూడు రోజులు సున్నా. ఇరవై నాలుగో రోజు పుస్తకంలో పన్నెండు మిల్లీమీటర్లని ఉంది. ఆ రోజు కదిరిలో గానీ ఆ ఊళ్లో గానీ చినుకు రాలలేదు. ఎవరు రాశారని అడిగితే ముందు బెంచీ పిల్లవాడు లేచాడు.

"నేనే సార్. సున్న రాసి రాసి బేజారయింది. నా బాటిల్లో నీళ్లు పోసి కొలిచినా. కొలత మాత్రం కరెక్టే సార్."

కొట్టివేయించి మళ్లీ సున్నా రాయించాను. సున్నా కూడా కొలతేనని అరగంట చెప్పాను. అయితే నిజం చెప్పాలంటే, ఆ పన్నెండు మిల్లీమీటర్లు వాడు సరిగ్గానే కొలిచాడు.

వాళ్ల లెక్కల టీచరమ్మది కర్ణాటక సరిహద్దున ఉన్న గుమ్మఘట్ట వైపు. మామూలుగా చక్కటి తెలుగే మాట్లాడుతుంది గానీ కోపమొస్తే కన్నడంలో ఎంచుతుంది. ఆమె "ఒందు, ఎరడు" అని మొదలుపెడితే మూరు, అంటే మూడు, అనేలోపల క్లాసంతా కూర్చునేది. నా తాడు చూసి, పిల్లలు కూడా ఒకటి తయారు చెయ్యాలని పట్టుబట్టింది. బడి టేపుతో కొలుచుకుంటూ, పిల్లలే అరవై మీటర్ల తాడుకు ముడులు వేశారు. గుండు దగ్గరినుంచి మొదలుపెట్టి ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటూ పోయారు.

"ఈ మొదటి పదీ అక్కర్లేదమ్మా. మన సీమలో అంత పైన నీళ్లు యాడ తగుల్తాయి?" అన్నాను.

వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి తల ఎత్తకుండా ముడి బిగిస్తూ, "ఏమో సార్, ఎప్పుడన్నా తగుల్తాయేమో. వేసి పెట్టుకుందాం" అంది.

నవ్వుకున్నాను. చిన్నపిల్ల, ఆశ అనుకున్నాను.

నాలుగు నెలల్లో ఆ పిల్లలు నేను అనుకోనంత దూరం వెళ్లారు. పందొమ్మిది బోర్లకూ నంబర్లు వేసి పటం గీశారు. నెలనెలా కొలిచి బడి గోడ మీద పెద్ద గీతపటం వేశారు. వాళ్ల నాయనలు పొలానికి పోతూ గోడ దగ్గర ఆగి, తమ బోరు గీత ఎటు పోతోందో చూసుకునేవాళ్లు. చదువురాని ముసలివాళ్లు సైతం గీత కిందికి దిగితే తల ఊపేవాళ్లు. పిల్లలు ఒక్క గుండు కూడా పోగొట్టలేదు. తాడును రెండు వేళ్ల మధ్య మెత్తగా వదిలేవాళ్లు, ఇరుక్కుంటే లాగకుండా కొంచెం వదులు చేసి తిప్పేవాళ్లు. ఆ ఉపాయం వాళ్లకు నేను నేర్పలేదు. నాకే తెలియదు.

గోడ మీది ఆ అంకెలు నా రిజిస్టరు అంకెలతో కలిసేవి కావు. ప్రతి బోరుకూ వాళ్లది తక్కువ, నాది ఎక్కువ. పిల్లలు కదా, పోనుపోను దారికొస్తారులే అని నేను పట్టించుకోలేదు. ఇది నా రెండో తప్పు. మొదటిది ఏమిటో మీరు ఈపాటికి కనిపెట్టే ఉంటారు.

కార్తీకం వచ్చింది. శనివారం ఊరి మీటింగు. శుక్రవారం పొద్దున తాగే నీళ్ల బోరు కొలవాలి. నేను కొలిచాను, నలభై తొమ్మిది పాయింట్ ఏడు. అంటే వరసగా రెండో ఏడు కూడా పంట లేనట్టే. రిజిస్టరులో రాసుకుంటుంటే పిల్లలు ఐదుగురు వాళ్ల తాడు తీసుకుని వచ్చారు. వాళ్లు కొలిచారు.

"నలభై ఏడు పాయింట్ ఒకటి, సార్."

"ముడులు తప్పు ఎంచినారు. మళ్లీ."

మళ్లీ అంతే వచ్చింది. మూడోసారి టీచరమ్మే వచ్చి నిలబడింది. ఆమె పెదాలు కదలడం చూశాను. కన్నడంలో ఎంచుతోంది. మూడోసారీ నలభై ఏడు పాయింట్ ఒకటే.

"కొత్త తాడు తడిస్తే సాగుతుంది. అందుకే తక్కువ చూపిస్తాండాది" అన్నాను.

వెనక బెంచీ అమ్మాయి వెంటనే చెప్పింది. "చూసినాం సార్. నిన్న తాడు బకెట్లో నానబెట్టి, గుండుతో మిద్దె మీదినుంచి వేలాడదీసి మళ్లీ కొలిచినాం. మొత్తానికి నాలుగు సెంటీమీటర్లే సాగింది."

నాకు రోషం వచ్చింది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉన్నా, అప్పుడు అన్న మాట రాస్తాను.

"మీయమ్మకు ఒక ఎకరా ఉండాది కదా. నలభై ఎనిమిది లోపే రావల్లని నీకుంటుందిలే."

టీచరమ్మ నా వైపు గుర్రుగా చూసింది. ఆ అమ్మాయి మాత్రం ఏడవలేదు, తల దించలేదు.

"ఉండాది సార్. మాయమ్మ పోయినేడు నాలుగు నెల్లు బెంగళూరులో ఇటుకలు మోసింది. నేను మా అవ్వ దగ్గరున్న్యా. ఈ ఏడు కూడా పోకూడదని నాకు శానా ఉండాది. అందుకే ఈ పొద్దు గుండు నేను వదల్లా సార్. ముడులు కూడా నేను ఎంచలా. వీళ్లతోనే ఎంచిపిచ్చినా. నేను రాసుకున్న్యా, అంతే."

పద్నాలుగేళ్లలో నా కొలతను నేను ఎవరితోనూ సరిచూపించుకోలేదు. తన మనసు తన అంకెను లాగుతుందేమోనని ముందే పక్కకు జరిగి నిలబడడం ఈ పద్నాలుగేళ్ల పిల్లకు తెలిసింది.

నేను రిజిస్టరు మూసి ఆమె చేతికిచ్చాను. "చూసుకో. యాడన్నా ఒక్క కొట్టివేతన్నా ఉంటే చెప్పు."

ఆ అమ్మాయి మొదటి పేజీ తెరవలేదు. పుస్తకం వెనకవైపు తిరిగి ఉండడంతో చివరి పేజీ తెరుచుకుంది. పోయినవాటి జాబితా. చదువుతూ ఫోను దగ్గర నవ్వింది. తర్వాత ఆగింది.

"సార్, పదకొండు గుండ్లు పోయినాయి కదా. గుండు పోయినప్పుడు తాడు ఎంత పోతాది?"

"ఎంతమ్మా, కొస తెగుతాది. కోసి మళ్లీ కట్టేదానికి ఒక జాన పోతాది."

"కట్టినాక, ఎర్ర దారం దాకా మళ్లీ కొలిచినారా?"

ఈ ప్రశ్నకు జవాబు రెండక్షరాలే. "లేదు" అన్నాను.

బడి ఆవరణలో జెండా కంబం నుంచి గేటు దాకా నా తాడు పరిచాం. మీటరు ముడులు ఒక్కొక్కటే టేపుతో చూశాం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పద్నాలుగేళ్ల తాడు, వేలెడు తేడా లేదు. ఆఖరున గుండు నుంచి మొదటి ఎర్ర దారం దాకా టేపు పట్టాం. పది మీటర్లు ఉండాల్సిన చోట ఏడు మీటర్ల ముప్పై ఆరు సెంటీమీటర్లు ఉంది. ముడులు లేని ఆ ముక్క జానెడు జానెడు తరుగుతూ వచ్చింది. ఏ ముడీ పోలేదు కాబట్టి నా కంటికి ఏమీ తగ్గినట్టు కనబడలేదు. రెండు మీటర్ల అరవై నాలుగు సెంటీమీటర్లు తక్కువ. అంటే నేను కొలిచిన ప్రతి బోరులో నీళ్లు నేను చెప్పినదానికంటే అంత పైనే ఉన్నాయి.

రిజిస్టరు మొత్తం తిరగేశాను. మిగతా ఏళ్లలో ఎటు కొలిచినా ఊరి నిర్ణయం మారేది కాదు. కానీ పోయిన ఏడు నలభై ఎనిమిది పాయింట్ తొమ్మిదిలోంచి ఇది తీసేస్తే నలభై ఆరు పైచిల్లర. గీతకు ఇవతలే. పందొమ్మిది ఎకరాలు, ఒక పంట, ఒక తల్లికి నాలుగు నెలలు. అన్నీ నా తొమ్మిది ముడుల ఆదాలోంచి పోయాయి.

కోఆర్డినేటరుకు ఫోను చేశాను. అతను చెడ్డవాడు కాదు, భయపడ్డాడు.

"అన్నా, ఇప్పుడు చెప్పొద్దు. నమ్మకం పోతే ఆ కట్టుబాటే పోతుంది. రేపు పిల్లల తాడు అంకె చెప్పి, ఈ ఏటి నుంచి కొత్త తాడు అను, చాలు. పంటా వస్తుంది, పరువూ ఉంటుంది."

అందులో నాకు తప్పేమీ కనబడలేదు. అంకె నిజమైనదే కదా. సరేనన్నాను. పిల్లలకు కూడా అదే చెప్పాను. ఆ అమ్మాయి "అట్లే సార్" అంది.

మరునాడు పొద్దున పది గంటలకు బడి ఆవరణలో ఊరు చేరింది. పిల్లలు బల్లలు తెచ్చి వేశారు, గీతపటం గోడ దగ్గర నిలబడ్డారు. వెనక బెంచీ అమ్మాయి చేతిలో సుద్దముక్క. బోర్డు మీద నలభై ఏడు పాయింట్ ఒకటి అని రాసి, ఎలా కొలిచారో, ఎన్నిసార్లు కొలిచారో గడగడా చెప్పింది. జనంలో కదలిక వచ్చింది. కొందరు అప్పుడే విత్తనం మాట ఎత్తుకున్నారు.

అప్పుడు ఒక పెద్దరైతు లేచాడు. కట్టుబాటు పెట్టించిన వాళ్లలో ఆయనే ముందు.

"నిలబడండప్పా. నిన్న సారు కొలిస్తే నలభై తొమ్మిది పైన వచ్చిందని నా మనవడు చెప్పినాడు. పిల్లోళ్ల లెక్క నమ్మి విత్తనం ఏసుకుందామా? పద్నాలుగేండ్లు కొలిచిన మనిషి ఈడుండాడు. ఏమప్పా సారూ, నీ తాడు ఎంత చెప్పింది? నీ మాటంటే నాకు దేవుని మాట. నువ్వు దాటిందంటే నా గొర్రు కదల్దు."

నన్ను నమ్మే మనిషే నన్ను ఇరికించాడు. నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమెకు జవాబు తెలుసు. ఒక్క మాట చెబితే తన అంకె నిలబడుతుంది, తల్లి ఊళ్లో ఉంటుంది. తల్లి మూడో వరసలోనే కూర్చుని ఉంది. ఆ అమ్మాయి నోరు తెరవలేదు. సుద్దముక్కను పిడికిట్లో పట్టుకుని నా వైపే చూస్తూ నిలబడింది. చెప్పొద్దని నేను అడిగాను కాబట్టి చెప్పలేదు. అంతే.

లేచాను. సంచిలోంచి తాడు తీసి, గుండు ఒక చేత్తో, ఎర్ర దారం ఒక చేత్తో పట్టుకుని చెప్పాను. ముడులు ఆదా చేసిన సంగతి, జానలు పోయిన సంగతి, పోయిన ఏడు నీళ్లు ఉన్నా నేను లేవన్న సంగతి. పందొమ్మిది ఎకరాలని కూడా చెప్పాను. కనిపెట్టింది ఎవరో చెప్పాను. చివరన చేతులు జోడించాను. తాడు చేతుల్లోనే ఉంది కాబట్టి ఆ దండం చూడ్డానికి వింతగానే ఉండి ఉంటుంది.

తర్వాత ఆ అమ్మాయి తల్లి లేచింది.

"నాలుగు నెల్లు ఇటుకలు మోసినా సార్."

"తెలుసమ్మా."

"తెలుసునంటే ఏం లాభం?" అని కొంచెం ఆగింది. "తప్పు కొలిచినోనివి నువ్వే, తప్పని చెప్పినోనివీ నువ్వే. ఇంగ నిన్నేమనాల? కూచో."

పెద్దరైతు మాత్రం కూర్చోలేదు. "అయితే నా గొర్రు ఒక ఏడంతా ఉత్తపుణ్యానికి నిద్రపోయిందా?" అని అరిచాడు. ఆయన వెనక ఇంకో నలుగురు గొంతు కలిపారు. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ, ఊళ్లో అందరికంటే చిన్న చేను ఆమెది, చేతికర్రతో బల్ల మీద కొట్టింది.

"ఊరికే అరుస్తారేందిరా! పోయినేడు పందొమ్మిది మందీ పంటేసి నీళ్లు తోడింటే ఈ పొద్దు నలభై ఏడు యాడుంటుండె? వానల్లేని ఏడు ఇది. సారు తప్పుజేసి మన నీళ్లు మనకే దాచిపెట్టినాడు. గొర్రు నిద్రపోతే నీళ్లూ పండుకున్న్యాయి. లెక్క సరి."

మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆవరణంతా నవ్వింది. పెద్దరైతు కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించి, చివరికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అవ్వ చెప్పిన లెక్కను తర్వాత నేను వేసి చూశాను. సగం నిజం. మిగతా సగం ఆమె నా మీద దయతో కలిపింది.

కానీ అవ్వ అంతటితో వదల్లేదు. "జుర్మానా ఉండాల గదా! పోయినవి జానలు గదప్పా? జానకొక చెనిక్కాయల ఉండ, ఒక్కో పిల్లోనికి. ఈ ఏడు పండే కాయలతోనే చేసియ్యల్ల. మీ ఇంట్లోనే చేపియ్యల్ల, అంగట్లోవి పనికిరావు."

ఒప్పుకున్నాను. జానకో వేరుశెనగ ఉండ, పదకొండు జానలు, ముప్పై నలుగురు పిల్లలు. "మూడు వందల డెబ్బై నాలుగు ఉండలు" అని నోటిలెక్క వేసి చెప్పాను. పోయిన పరువులో కొంత ఆ నోటిలెక్కతో తిరిగొస్తుందని ఆశ.

"ఒక్క నిమిషం సార్" అంది వెనక బెంచీ అమ్మాయి. "మీ జాన ఎంత?"

టేపు పెట్టి నా జాన కొలిచింది. ఇరవై రెండు సెంటీమీటర్లు. బోర్డు మీద, తాడులో తరిగిన రెండు వందల అరవై నాలుగును ఇరవై రెండుతో భాగించింది. శేషం లేకుండా తెగింది.

"పన్నెండు సార్."

"పదకొండమ్మా. చివరి పేజీలో రాసి ఉండాది కదా, నువ్వే చూస్తివి."

"పేజీలో పదకొండు. తాడులో పన్నెండు. ఒక గుండు మీరు రాయలా."

ఆవరణలో రెండోసారి లేచిన నవ్వు మొదటిదానికంటే పెద్దది. ముందు బెంచీ పిల్లవాడు, అదే బాటిల్ వాన వాడు, "సార్, సున్న కూడా రాయల్లంటిరి గదా!" అని అరిచాడు.

ఆ ఏడు పందొమ్మిది ఎకరాలూ పచ్చబడ్డాయి. ఆ అమ్మాయి తల్లి బెంగళూరు బస్సెక్కలేదు. కాయలు పెరికేటప్పుడు నేనూ ఒకరోజు ఆ చేలో వంగాను. మధ్యాహ్నానికి నా నడుము పట్టేస్తే, ఆమె వరస మీద వరస దాటిపోతూ, "తాడు వదిలినంత సులువు కాదులే సార్" అంది. మా ఆఫీసులో మిగతా ఇద్దరు కొలతల మనుషుల తాళ్లు కూడా తీసి కొలిచారు. ఒకటి మీటరు పైన తక్కువ. రెండోది నలభై సెంటీమీటర్లు ఎక్కువ. అది ఎలా పెరిగిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఏడాదికి రెండుసార్లు తాళ్లు కొలవాలని కోఆర్డినేటరు ల్యాప్‌టాప్‌లో ఒక నియమం రాసి పెట్టాడు. ఆ నియమానికి మాలో మేము ఆ అమ్మాయి పేరే పెట్టుకున్నాం.

ఉండలు మా ఇంట్లోనే చేశాం. నా భార్య పాకం పట్టేది, నేను ఎంచేవాణ్ణి. ఒక్కో విడతకు ముప్పై నాలుగు. నెలకొకసారి డబ్బాతో మోపెడ్ మీద బడికి పోయేవాణ్ణి. పదకొండు విడతలు పూర్తయ్యాయి. పన్నెండో డబ్బా కూడా తీసుకెళ్లాను. వాదన ఎందుకు, ఇచ్చేద్దామని. పిల్లలు అప్పటికి పదో తరగతి. అందరూ చేతులు చాచారు. ఆ అమ్మాయి లేచి వాళ్లను ఆపింది.

"ఏ బోరులో పడిందో చెప్పి ఇయ్యండి సార్. తేదీ, బోరు నంబరు. ఊరికే ఇస్తే తీసుకోము. లెక్క లేని ఉండ లెక్కలోకి రాదు."

ముప్పై ముగ్గురు పిల్లలు ఆమెను తినేసేలా చూశారు. అయినా ఒక్కరూ డబ్బాలో చెయ్యి పెట్టలేదు. ఆ రోజు ఆ ఉండలు కిందితరగతి వాళ్లు తిన్నారు, అవి లెక్కలోకి రావని బోర్డు మీద రాసి మరీ.

ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. ఆ అమ్మాయి పాలిటెక్నిక్‌లో సివిలు చదువుతోంది. గోడ మీద గీతపటం మాత్రం ఆగలేదు. ప్రతి ఏడూ కొత్త తొమ్మిదో తరగతి దాన్ని ముందుకు లాగుతోంది. పోయిన ఏడు నేను ఉద్యోగం మానేసినప్పుడు, ఆ బడి పిల్లలు నా పాత తాడును బాగుచేసి చుట్ట చుట్టి నాకే ఇచ్చారు. తరిగినంత ముక్క అతికించి, మొదటి పది మీటర్లలో తొమ్మిది ముడులూ వేసి ఉన్నాయి.

పండగలకు ఆ అమ్మాయి నుంచి ఒకే మెసేజి వస్తుంది. "సార్, పన్నెండోది దొరికిందా?" పద్నాలుగేళ్ల రిజిస్టరు మూడుసార్లు తిరగేశాను. జ్వరంతో పనిచేసిన రోజులు, వానలో పరుగెత్తిన రోజులు, పెళ్లికి పోయే తొందరలో కొలిచిన రోజులు విడిగా రాసుకుని చూశాను. దొరకలేదు. చివరి పేజీలో పన్నెండు అని అంకె వేసి, ఎదురుగా తేదీకీ బోరు నంబరుకూ చోటు వదిలాను. దాని కింద ఇలా ఉంది: ఇవ్వాల్సిన ఉండలు నాలుగు వందల ఎనిమిది. ఇచ్చినవి మూడు వందల డెబ్బై నాలుగు. బాకీ ముప్పై నాలుగు.